స్లౌ నుంచి రాంబాబుకి

ఒరేయ్ రాంబాబూ,

ముందు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టేసి, తర్వాత చదువు. ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరం నా సొరుగులోనే ఉంది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడుతోంది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా!

ఇక్కడ ఇంగ్లండులో, స్లౌలో అందరం బాగున్నాం. ఉద్యోగం ఉంది. కాకినాడలో అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉందట. చిన్నాడికి సెకండరీ స్కూల్లో సీటొచ్చింది. నా మోకాలు ఎప్పటిలాగే. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను, ఇది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

డల్లాస్ నుంచి మా బావమరిది కూతుర్ని తీసుకుని వచ్చి వెళ్ళాడు. అత్తగారు ఆర్నెల్లుగా ఇక్కడే ఉన్నారుగా, ఆవిడని చూసి పోదామని. మనిషి బంగారమే. కాకపోతే లోకంలో ఉన్నవన్నీ అమెరికాలోనే మేలని ఒక నమ్మకం. రోడ్లు, పాలు, ఏసీలు సరే. చివరికి వాన కూడా వాళ్ళ దగ్గరే బాగా పడుతుందట. అన్నీ ఓర్చుకున్నాను. ఒకరోజు భోజనాల దగ్గర మాత్రం, "బ్రిటిష్ కామెడీ నాకెక్కదు బావా. అందులో ఎవడూ బాగుపడడు, ఎవడూ నవ్వడు, చూసేవాడికి తలనొప్పి" అన్నాడు. ఎక్కడ కూర్చుని అన్నాడు? స్లౌలో!

నీకేం అర్థమై ఉండదు. హాస్టల్లో ఆ గీతలు పడ్డ 'ఫ్రెండ్స్' సీడీలు తప్ప ఇంకేదీ చూసిన పాపాన పోలేదు నువ్వు. ఒరేయ్, 'ది ఆఫీస్' అని అమెరికా వాళ్ళ హాస్య సీరియల్ పేరైనా విని ఉంటావు కదా, దాని అసలుది ఇక్కడిది. 2001లో బీబీసీలో వచ్చింది. రికీ జర్వైస్, స్టీఫెన్ మర్చంట్ ఇద్దరే కూర్చుని రాసి, ఇద్దరే తీశారు. కాగితాలమ్మే కంపెనీకి ఒక బ్రాంచి, దానికి డేవిడ్ బ్రెంట్ అనే మేనేజరు, వేసినవాడు జర్వైసే. ఆ బ్రాంచి ఉన్నది మా ఊళ్ళోనే. 1937లో జాన్ బెట్జమన్ అనే కవి ఈ ఊరి మీద బాంబులు పడితే బాగుండునని ఒక పద్యం రాశాడు. సీరియల్లో బ్రెంట్ ఆ పద్యం చదివి కవి మీద విరుచుకుపడతాడు. వాడి మీద నాకు అభిమానం పుట్టిన సన్నివేశం అదొక్కటే. ఈ ఊళ్ళో కౌన్సిల్ పన్ను కట్టేవాణ్ణి కదా మరి!

సరే, పందెం అన్నాను. 2005లో అమెరికా వాళ్ళు దీన్ని తీసుకుని, స్లౌని పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ చేసి మళ్ళీ తీశారు. వాళ్ళ మొదటి ఎపిసోడు దాదాపు ఇక్కడి మొదటి ఎపిసోడే. జోకులూ అవే, సన్నివేశాలూ అవే. ఒకే స్క్రిప్టు, రెండు దేశాలు. ఇంతకన్నా పరీక్ష ఏం కావాలి? శనివారం రాత్రి రెండూ వరసగా పెట్టాను.

హాల్లో ఎవరెవరు ఉన్నారో చెప్తాను. సోఫాలో దుప్పటి కప్పుకుని బావమరిది కూతురు, పదిహేనేళ్ళ పిల్ల. పక్కన వాళ్ళ నాన్న, ఇప్పటికే గెలిచినట్టు మొహం పెట్టుకుని. మా ఆవిడ ఫోన్లో. కింద చాప మీద అత్తగారు, చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ. ఆవిడకి ఇంగ్లీషు రాదు. థాంక్యూ, సారీ, నో ఆనియన్ వరకూ వచ్చు.

ఎపిసోడు చివర ఒక సన్నివేశం ఉంది. బ్రెంట్ దగ్గరికి ఒక కొత్త కుర్రాడు వస్తాడు. వాడి ముందు తనెంత సరదా మనిషో చూపించుకోవాలి. అందుకని రిసెప్షన్లో పనిచేసే డాన్ అనే అమ్మాయిని లోపలికి పిలిచి, నువ్వు ఆఫీసు స్టిక్కీ నోట్లు దొంగతనం చేశావు, ఉద్యోగంలోంచి తీసేస్తున్నాను అంటాడు. ఉత్తుత్తినే. ఆ పిల్ల నమ్ముతుంది. కాళ్ళావేళ్ళా పడదు, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడుస్తుంది. ఇక ఇది జోకని చెప్పాలి. చెప్తాడు. అప్పుడు ఆ గదిలో ఎవరూ నవ్వరు. సంగీతం లేదు, వెనక నవ్వుల చప్పుడు లేదు. ఆ పిల్ల ఇక్కడ రాయడానికి వీల్లేని తిట్టొకటి తిట్టి బయటికి పోతుంది. కొత్త కుర్రాడు ఎటు చూడాలో తెలీక అలా కూర్చుంటాడు.

మా పిల్ల దుప్పటి మొహం మీదికి లాక్కుంది. "మామయ్యా, దిసీజ్ నాట్ ఫన్నీ, దిసీజ్ హెచ్ఆర్ కంప్లైంట్" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఫ్రిజ్ తలుపు తీసి ఊరికే నిలబడింది, నాకు ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది. బావమరిది నా వైపు చూసి చేతులు చాపాడు, చూశావా అన్నట్టు.

తర్వాత అమెరికాది పెట్టాను. అదే సన్నివేశం. మేనేజరు మైఖేల్ స్కాట్, వేసినవాడు స్టీవ్ కారెల్. అమ్మాయి పేరు పామ్. అవే స్టిక్కీ నోట్లు, అదే ఏడుపు. తిట్టు మాత్రం బాగా చిన్నది. ఈసారి పిల్ల వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. కొంచెం నవ్వింది కూడా.

అప్పుడన్నారురా అత్తగారు. చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని, టీవీ వైపు చూస్తూనే: "ఈయన మంచాడే బాబూ, వేషాలేస్తున్నాడు. ఇందాకటాయన పాపం వేషమెయ్యట్లేదు. ఇంకెవరో మెచ్చుకోవాలని చేసి ఇరుక్కున్నాడు."

హాలంతా ఒక్కసారి గప్‌చుప్. ఇంగ్లీషు ముక్క రాని మనిషి! నేను ఇన్నేళ్ళుగా ఈ రెండింటికీ తేడా ఏమిటని ఆఫీసులో ఎంతమందితో వాదించానో. అమెరికా వాళ్ళది మంచితనం, ఇక్కడివాళ్ళది వెటకారం అని అందరూ అనేదే నేనూ అనేవాణ్ణి. ఆవిడ కళ్ళు చూసి చెప్పేసింది. కారెల్ కళ్ళలో ఒక పసివాడు ఉన్నాడు, వాడు మనకి ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాడు. జర్వైస్ ఆ పసివాణ్ణి దాచేశాడు. టై సర్దుకోవడం, కెమెరా వంక దొంగచూపు చూడటం, అంతే మనకి మిగిలేది.

బావమరిది ఊరుకుంటాడా? వాదన అర్ధరాత్రి దాకా సాగింది. వాడన్నదాంట్లో ఒకటి నిజమేనని ఒప్పుకోవాలి. ఇక్కడి 'ఆఫీస్' మొత్తం పన్నెండు ఎపిసోడ్లు, పైన 2003 క్రిస్మస్‌కి రెండు ప్రత్యేకాలు, అంతే. అమెరికాది 2013 దాకా తొమ్మిది సీజన్లు, 201 ఎపిసోడ్లు. పన్నెండు ఎపిసోడ్ల పాటు అసహ్యమైన మనిషిని భరించొచ్చు బావా, రెండొందల ఎపిసోడ్లు వారం వారం ఇంటికి పిలవాలంటే వాడు కాస్త మనవాడు కావాలి కదా అన్నాడు. నిజమే. వాళ్ళ మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లే, అందులో మైఖేల్ కూడా బ్రెంట్‌లాగే ముళ్ళకంపలా ఉంటాడు. రెండో సీజన్ నుంచి వాణ్ణి మెత్తబరిచారు. మూర్ఖుడే, కానీ సరుకు అమ్మడంలో ఘటికుడు, మనసు వెన్న. ఇక్కడ ఇద్దరు కూర్చుని రాస్తే, అక్కడ గదినిండా రచయితలు. అరగంటలో ఇక్కడ బీబీసీకి యాడ్లు లేవు, అక్కడ యాడ్లు పోను ఇరవై రెండు నిమిషాలు మిగులుతాయి. కథ అంతలో ముడిపడి విడిపోవాలి. మొహమాటంతో నిండిన ఆ మౌనాలకి టైము ఎక్కడిది?

ఆదివారం నా వంతు. 'ఫాల్టీ టవర్స్' పెట్టాను. ఇది నువ్వు తప్పకుండా చూడాలి, అమ్మతోడు. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే. జాన్ క్లీజ్, అప్పటి ఆయన భార్య కోనీ బూత్ కలిసి రాశారు. (1979కి విడాకులైపోయాయి, అయినా కలిసి రాశారు. మన సుబ్బులు, వాడి పార్ట్‌నర్ సంగతి గుర్తొచ్చింది, సరే వదిలెయ్.) టార్కీ అనే సముద్రపు ఊళ్ళో ఒక హోటలు, దాని యజమాని బేసిల్ ఫాల్టీ. హోటలు నడుపుతాడు కానీ వచ్చేవాళ్ళంటే పడదు. 1970లో క్లీజ్ వాళ్ళ బృందం నిజంగానే ఆ ఊళ్ళో ఒక హోటల్లో దిగితే, దాని యజమాని వీళ్ళతో ప్రవర్తించిన తీరు నుంచే పుట్టింది ఆ పాత్ర.

పిల్ల మొదట అడిగింది, వెనక నవ్వుతున్నదెవరు అని. స్టూడియోలో జనం అని చెప్పాను. బ్రిటిష్ వాళ్ళు నవ్వుల చప్పుడు పెట్టరని ఇంట్లో వాళ్ళ నాన్న చెప్పిన సిద్ధాంతం అక్కడికి గోవిందా.

కారు సన్నివేశం వచ్చింది. గొప్పవాళ్ళు భోజనానికి వచ్చి కూర్చున్నారు, హోటల్లో వంటవాడు తాగి పడిపోయాడు. బేసిల్ ఊళ్ళోంచి బాతు కూర మోసుకుని వస్తుంటే కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కారుని తిడతాడు. నీకు ఎన్నిసార్లు చెప్పాను అంటాడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి చివరి అవకాశం ఇస్తాడు. స్టార్టవదు. దిగి ఎటో పరుగెత్తుతాడు. ఖాళీ రోడ్డు మీద ఖాళీ కారు. కాసేపటికి ఇంతలావు చెట్టుకొమ్మ పట్టుకుని వచ్చి ఆ కారుని చితకబాదుతాడు.

అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి పెట్టేశారు. నవ్వి నవ్వి కళ్ళలోంచి నీళ్ళు. "మా నాన్నే, అచ్చం మా నాన్నే!" అంటారు. వాళ్ళ నాన్నగారికి తణుకులో కాఫీ హోటలు ఉండేదని నాకు తెలుసు కానీ, రెండోసారి చట్నీ అడిగినవాళ్ళని 'ఇది హోటలా, అత్తారిల్లా' అని తరిమేవారనీ, పొయ్యి రాజుకోకపోతే దాన్ని చెప్పుతో కొట్టేవారనీ అప్పుడే తెలిసింది. మా ఆవిడకే తెలీదు! ఫోన్ పక్కన పెట్టి, "అమ్మా, తాతయ్య చాలా శాంతమూర్తి అన్నావుగా" అంది. "ఫోటోలో" అన్నారావిడ.

ఇంకో సంగతి చెప్పి బావమరిది నోరు మూయించాను. ఈ హోటలు కథని అమెరికాలో తియ్యాలని చాలాసార్లు ప్రయత్నించారు. 1983లో బియా ఆర్థర్ అనే నటిని పెట్టి 'అమాండాస్' అని తీస్తే కొన్ని నెలలకే మూతపడింది. క్లీజ్ చెప్పుకునే కథ ఉంది, అమెరికా నిర్మాతలు కలిసి, ఏమీ మార్చలేదండీ, ఒక్క బేసిల్‌ని మాత్రం తీసేశాం అన్నారట. ఒరేయ్, రాముణ్ణి తీసేసి రామాయణం!

అయితే వాడూ తక్కువ తిన్లేదు. 'సైన్‌ఫెల్డ్' అనే అమెరికా హాస్య సీరియల్ బయటికి తీశాడు. అందులో ఎవరూ ఎవరినీ కావలించుకోకూడదు, ఎవరూ ఏమీ నేర్చుకోకూడదు అన్నది దాన్ని సృష్టించినవాళ్ళలో ఒకడైన లారీ డేవిడ్ పెట్టిన నియమం. 1989 నుంచి 1998 దాకా తొమ్మిదేళ్ళు అలాగే నడిపారు, జనం ఎగబడి చూశారు. మరి అమెరికా వాళ్ళది మంచితనం ఎక్కడుంది బావా అన్నాడు. ఆ పైన, మీ బ్రెంటే చివరి క్రిస్మస్ ఎపిసోడ్లో అందరినీ నవ్వించాడు కదా, డాన్ కూడా ప్రేమించినవాడి దగ్గరికి తిరిగి వచ్చింది కదా, అది కావలింత కాదా అన్నాడు. అదీ నిజమే. ఆ సీను దగ్గర నేను ఏడుస్తానని వాడికి చెప్పలేదు.

నాకు ఏది నచ్చుతుందో మాత్రం నాకు తెలుసురా. తను గొప్పవాణ్ణని నమ్మినవాడు, ఆ నమ్మకం కాపాడుకోవడానికి చేసే ప్రతి పనితోనూ ఇంకాస్త దిగబడటం. అది ఏ దేశంలో తీసినా నాకు నవ్వొస్తుంది. గిరీశం అంటే మనకి ఎందుకంత ఇష్టం? కానీ గిరీశానికి నోరుంది, ఏ గోతిలో పడినా మాటల నిచ్చెన వేసుకుని పైకొస్తాడు. బేసిల్‌కి ఆ నిచ్చెన లేదు. బ్రెంట్‌కి ఉందని వాడి భ్రమ. నీకేమో 'ఫ్రెండ్స్'లో జోయీలాగా... అదే, చూడగానే భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించేవాళ్ళు కావాలి. మనిద్దరం ఒకే గదిలో నాలుగేళ్ళు ఎలా ఉన్నామో! అంటే, నేను అనేదేమిటంటే, నవ్వు దగ్గర మనం ఎవరి పక్షం అన్నది... ఇది తర్వాత ఆలోచించి రాస్తాను, ఇప్పుడు మాట దొరకట్లేదు.

పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. వెళ్ళేటప్పుడు కూడా, "మామయ్యా, ఐ స్టిల్ హేట్ దట్ గై" అంది. కానీ ఎయిర్‌పోర్టులో చెకిన్ దగ్గర వాళ్ళ నాన్న బరువెక్కువైన సూట్‌కేసు గురించి కౌంటరమ్మాయితో జోకు వేస్తే ఆ అమ్మాయి నవ్వలేదు. అప్పుడు ఈ పిల్ల నా వైపు తిరిగి, లేని టై సర్దుకుంది చూడు! అచ్చం బ్రెంట్. వాళ్ళ నాన్న చూడలేదు, సూట్‌కేసు తెరిచి ఆవకాయ సీసాలు బయటికి తీస్తున్నాడు.

ఇంకా చెప్పాల్సింది ఉంది, మా ఆఫీసులో దీని మీద పెద్ద చర్చే అయింది, మా ఊరివాళ్ళు ఆ సీరియల్ గురించి ఏమనుకుంటారో అని నేను అడిగితే వాళ్ళు... అయ్యో, నాలుగున్నర! అత్తగారిని గుళ్ళోంచి తీసుకురావాలి. ఇప్పటికే బయట వానలో నిలబడి ఉంటారు. 'ఫాల్టీ టవర్స్' మొదటి ఎపిసోడు నుంచి చూడు, మధ్యలో మొదలెట్టకు. ఆ గొడుగు కేసు ఏమైందో ఈసారైనా రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
చిట్టిగాడు