మా వంటింటి కిటికీ ఎదురుగా నాలుగు ఏసీలు

సంపాదకులకు,

మా పక్కింటివాళ్లు పిల్లల దగ్గరకి హైదరాబాద్ వెళ్లిపోతూ ఇల్లు అద్దెకిచ్చారు. ఏ బ్యాంకు ఉద్యోగో, టీచరో వస్తారనుకున్నాం. ఒక ఫైనాన్స్ ఆఫీసు దిగింది. విజయనగరంలో రింగ్ రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న కాలనీ మాది, రెండు కార్లు ఎదురైతే ఒకటి రివర్స్ పోవాల్సిందే, అంత వీధి. ఇప్పుడు పొద్దున్న ఏడున్నరకల్లా ఇరవై పైచిలుకు మోటారు సైకిళ్లు వచ్చి వరసగా ఆగుతాయి, అన్నీ కలెక్షన్ కుర్రాళ్లవి. పైడితల్లమ్మ పండగకి ఇంటింటా చుట్టాలు దిగినప్పుడు కూడా మా వీధిలో అన్ని బళ్లు చూడలేదు.

బళ్ల సంగతి సరే, ఏదో సర్దుకుంటున్నాం. నా చేత ఈ ఉత్తరం రాయించింది ఏసీలు. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్యనున్న సందులో నాలుగు అవుట్‌డోర్ యూనిట్లు బిగించారు, నాలుగూ మా వంటింటి కిటికీకి ఎదురుగానే. ఎండాకాలం పొయ్యి దగ్గర నిలబడ్డమే కష్టం, దానికి తోడు ఆ వేడిగాలి సూటిగా మొహాన కొడుతుంటే మా ఆవిడ కిటికీ మూసేసుకుని పట్టపగలు లైటు వేసుకుని వంట చేస్తోంది. సెట్‌బ్యాక్ అని మన చేత ఇంటి చుట్టూ జాగా వదిలించేది దేనికండీ, రెండిళ్లకీ గాలీ వెలుతురూ రావడానికే కదా? 2017లో వచ్చిన జీవో 119 బిల్డింగ్ రూల్స్‌లో ప్లాటు ఎంత, కట్టడం ఎత్తెంత అన్నదాన్ని బట్టి ఎంత వదలాలో లెక్కలున్నాయి. ఇల్లు కట్టినప్పుడు వాళ్లూ వదిలారు, నేనూ వదిలాను. ఇప్పుడా సందులో ఏసీ డబ్బాలు, వాటి పక్కనే ఒక జనరేటరు, పైన వాన పడకుండా రేకులు. ఇంక వదిలి ఏం లాభం?

జనరేటరు గురించి ఒక్క మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45 మించకూడదు. కరెంటు పోయినప్పుడు మా ముందు గదిలో ఫోన్ మాట్లాడాలంటే పెరట్లోకి వెళ్లాలి.

ఈ గోడంతా ఒక ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లి వెళ్లబోసుకుంటే అక్కడి ఉద్యోగి మర్యాదగానే, "మాస్టారూ, వాళ్లు కొత్తగా ఏమీ కట్టలేదు కదా, ప్లాను చూస్తే రెసిడెన్షియలే, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. తిరకాసంతా ఇక్కడే ఉంది. ఇల్లని ప్లాను తీసుకుంటారు, ఇల్లే కడతారు, ఆ తర్వాత వాడకం మారిపోతుంది. నిజానికి వాడకం మారితే కరెంటు మీటరు ఇళ్ల కేటగిరీ నుంచి కమర్షియల్‌కి మారాలి, ఆస్తి పన్ను కూడా నివాసేతరం కింద ఎక్కువ పడాలి. మీటరు కేటగిరీ, పన్ను రసీదు, ప్లాను, ఈ మూడూ పక్కపక్కన పెట్టి వీధిలో ఒకసారి తిరిగితే ఎన్ని ఇళ్లు ఆఫీసులయ్యాయో ఒక్క పూటలో తేలుతుంది. వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ చూసే కార్యదర్శులు 2019 నుంచి ఉన్నారు, ఈ పని వాళ్లకి అప్పజెప్పవచ్చు.

అలాగని ఇళ్ల మధ్య ఆఫీసే వద్దనే మనిషిని కాను. నా చిన్నప్పుడు కోట చుట్టుపక్కల వీధుల్లో ప్లీడర్ల ఇళ్లుండేవి. ముందు గది ఆఫీసు, గోడ పొడుగునా లా పుస్తకాల బీరువాలు, ఓ మూల గుమస్తా బల్ల, వెనకంతా సంసారం. పల్లెల నుంచి వచ్చిన కక్షిదారులు అరుగు మీద కూర్చునేవారు, పక్కనే కుండలో మంచినీళ్లు. గొంతులు లేస్తే ప్లీడరు గారే బయటికొచ్చి కసిరేవారు, ఆయన పిల్లలూ ఆ వీధిలోనే ఆడుకునేవారు మరి. ఈ ఆఫీసు మేనేజరు సాయంత్రం తాళం వేసి వెళ్లిపోతాడు. బోర్డు మాత్రం తెల్లార్లూ వెలుగుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ. ఆ ఎరుపు కిటికీలోంచి గోడ మీద పడుతుంటే ఎనభై దాటిన మా అమ్మ రాత్రి మూడింటికి లేచి కూర్చుని "తెల్లారిపోయిందేట్రా?" అని అడుగుతోంది.

అరుగులు పోయాయి గానీ వాటి మీద కూర్చునే జనం ఎక్కడికీ పోలేదు. అప్పుల కోసం పల్లెల నుంచి ఆడవాళ్లు పది పదిహేను మంది కలిసి వస్తారు. లోపల ఆరు కుర్చీలు. మిగతావాళ్లు మా గేటు మెట్ల మీద కూర్చుని "అమ్మా, కాసిన్ని నీళ్లిస్తావేటి?" అంటారు, మా అమ్మ చెంబుతో ఇస్తుంది, దానికి నాకేం బాధ లేదు. ఆమధ్య ఒకావిడ పొద్దున్నుంచి ఓర్చుకుని ఓర్చుకుని ఒంటిగంటకి మా ఆవిడని పక్కకి పిలిచి బాత్రూమ్ ఎక్కడమ్మా అని అడిగింది. అక్కడున్న ఒక్కటీ స్టాఫ్‌కేనట.

ట్యూషన్లు చెప్పుకునేవాళ్లని, బట్టలు కుట్టుకునేవాళ్లని, ఉన్న ఇంట్లోనే ఒక గదిలో లెక్కలు చూసుకునే ఆడిటర్లని ఎవరూ కదపక్కర్లేదు. ఇల్లు మొత్తం ఆఫీసు చేసి, అందులో ఎవరూ కాపురం ఉండనప్పుడు మాత్రం ముందే కొన్ని షరతులు రాయించుకోవాలి. స్టాఫ్ బళ్లు కాంపౌండ్ లోపలే పెట్టాలి, వచ్చే జనానికి కూర్చునే చోటు, మంచినీళ్లు, బాత్రూమ్ ఉండాలి, మెషిన్లేవీ పక్కింటి కిటికీల వైపు పెట్టకూడదు, బోర్డు ఆఫీసుతో పాటే ఆరిపోవాలి. అనుమతిచ్చే ముందు అటూ ఇటూ ఇళ్లవాళ్లకి ఒక కాగితం పంపి అభ్యంతరాలు అడిగితే ఇంకా మంచిది. ఢిల్లీలో ఇళ్లలో వ్యాపారాలని ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు వదిలేసి, సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో ఒక్కసారిగా సీళ్లు వేస్తే వ్యాపారులు రోడ్డెక్కారు. అంతదాకా తెచ్చుకోవడం దేనికి?

మేనేజరు కుర్రాడు మంచివాడే, రెండుసార్లు చెబితే పైవాళ్లకి మెయిల్ పెట్టాడు. పోయిన వారం ఒక యూనిట్‌ని డాబా మీదకి మార్చారు. అక్కడ ఇంకా బోలెడు జాగా ఉంది, మిగతా మూడూ పడతాయి.

— ఒక రిటైర్డ్ టీచరు, విజయనగరం