గడ్డివామి దగ్గరికి పటాలం ఎందుకొచ్చింది?

సంపాదకులకు నమస్కారం.

చంద్రగిరి దగ్గర మా చిన్నాన్న వాళ్ల గడ్డివామి పోయిన వారం కాలిపోతే మీ పేపర్లో 'గడ్డివామి భస్మీపటలం' అని వేశారు. చిన్నాన్న రెండుసార్లు చదివి, "ఏందిరా ఇది, పటాలం అంటే మిలిటరీ కదా, మన వామి కాడికి ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

ఆ పటాలం వేరు, ఈ పటలం వేరు. పటలం అంటే పొర, కప్పు, రాశి. మేఘపటలం అంటాం చూడండి, అదే. భస్మం అంటే బూడిదని అందరికీ తెలిసిందే గానీ, దాని వెనక ఉన్న సంస్కృత ధాతువు 'భస్'కి నమలడం, మింగడం అని అర్థం, అంటే మా చెరకు గానుగలో పిప్పి మిగిలినట్టు నిప్పు నమిలేశాక మిగిలింది భస్మం, నాకైతే ఈ మాటలో ఇదే భలే నచ్చింది. మరి 'భస్మీ' అని ఆ దీర్ఘం ఎందుకంటే, ముందు అది కానిది తర్వాత అదిగా మారితే అలా 'ఈ' వస్తుంది: భస్మీకరణం, ఏకీకరణ. రూలు పట్టుకుంటే అది చెయ్యడం, అవ్వడం, ఉండడం అనే క్రియల ముందే రావాలి కాబట్టి భస్మపటలం అనాలి. ఎవరంటారు లెండి, నేనూ భస్మీపటలమే అంటాను.

నా గొడవ దాంతో కాదు. అదే వార్తలో 'పాక అగ్నికి ఆహుతి' అని ఉంది. ఆహుతి అంటే హోమంలో మంత్రం చదివి మనంతట మనం వేసేది. ఆ పాకని ఎవరూ స్వాహా అని వెయ్యలేదు. (పక్క పేజీలో తిరుపతి డాన్సు ప్రోగ్రాం 'ఆహుతులను అలరించింది' అట! పిలిస్తే వచ్చినవాళ్లు ఆహూతులండీ, ఆ దీర్ఘం ఎగిరిపోతే జనమంతా హోమగుండంలో పడ్డట్టే.)

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి వామి పైన తెల్లటి పొర, కట్టెతో కెలికితే లోపల ఇంకా ఎర్రగా ఉంది, చిన్నమ్మ బిందెడు నీళ్లు పోస్తే బుస్సుమని బూడిద మొహం మీదికి లేచింది. కాలి బూడిదైంది, బుగ్గిపాలైంది అని రాసుంటే చిన్నాన్న ఒక్కసారికే చదివేవాడు. పేపరు మడిచి పెడుతూ ఆయన అడిగింది మాత్రం వేరే: "ఎన్ని నెలల మేత పోయిందో రాయలేదేందిరా?"

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి