సిరిమాను నాడు మమ్మల్ని ఆదుకున్న విజయనగరం వాళ్లకు

మా స్నేహితురాలు ఇప్పుడు బాగుంది. ముందుగా ఈ మాట చెప్పాలి. ఎందుకంటే మంగళవారం మధ్యాహ్నం ఆమెను చేతుల మీద నడిపించుకెళ్లిన వాళ్లలో చాలామందికి ఆ తర్వాత ఏమైందో తెలీదు. పేర్లు అడిగే తీరిక మాకు లేదు, చెప్పే తీరిక వాళ్లకూ లేదు. ఆయాసం పూర్తిగా తగ్గింది. మందులు వాడుతోంది. నిన్న సాయంత్రం వయొలిన్ కూడా పట్టుకుంది. ఇది మీ అందరికీ చేరాలని రాస్తున్నాను.

మేం నలుగురం స్నేహితులం, రాజమండ్రి నుంచి కారులో పూరీ బయల్దేరాం. దారిలో విజయనగరంలో ఆగాలన్నది ఆమె పట్టు. సంగీతం నేర్చుకున్న వాళ్లకి ఆ ఊరంటే ఉండే ప్రేమ వేరు. 1919లో పెట్టిన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా కూర్చున్న చోటు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అంటే పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర, కాబట్టి రెండూ కలిసొచ్చేలా సెలవులు పెట్టుకున్నాం. సోమవారం, అంటే సిరిమానుకి ముందు రోజు జరిగే తొలేళ్ల నాటి సాయంత్రం, నాతవలస దగ్గర హైవే దిగి ఊళ్లోకి వచ్చాం. ఆ రాత్రి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉన్న సందడి నేనింతవరకు ఏ ఊళ్లోనూ చూడలేదు. పులివేషాలు ఒకవైపు, తప్పెటగుళ్లు ఒకవైపు, మొక్కులు తీర్చుకునే వాళ్ల ఘటాలు ఒకవైపు. అర్ధరాత్రి దాటినా పిల్లలు నిద్ర మాటే ఎత్తట్లేదు.

మర్నాడు మధ్యాహ్నం గుడికీ కోటకీ మధ్య దారిలో ఓ పక్కగా నిలబడ్డాం. సిరిమాను కదలడానికి ఇంకా టైముంది. జనం పెరుగుతున్నారు, దుమ్ము, సాంబ్రాణి పొగ, ఎండ. మా స్నేహితురాలికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్ దగ్గరే ఉంది, కొట్టుకుంది కూడా. తగ్గలేదు. ఊపిరి పీలుస్తుంటే పిల్లికూతలు వినిపిస్తున్నాయి, రెండు మాటలు కలిపి చెప్పలేకపోతోంది. ముందుకు జరగలేం, వెనక్కి మళ్లలేం.

మొదట చూసింది రోడ్డు పక్కన అరటిపళ్లు అమ్ముకుంటున్న ఓ పెద్దావిడ. సిరిమాను మీద కూర్చున్న పూజారిగారి మీదకి భక్తులు విసిరే అరటిపళ్లు అవి. ఏడాదికి ఒక్క రోజు బేరం. "ఏటైనాది తల్లీ? ఊపిరాడట్లేదా? రా, ఇలా కూకో" అని తన గంప పక్కకి తోసేసి, తను కూర్చున్న పీట ఇచ్చేసింది. చుట్టూ ఉన్నవాళ్లు నీళ్లు చల్లబోయారు, ఒకాయన పడుకోబెట్టమన్నాడు. ఇంతలో జనంలోంచి ఓ ఆశా కార్యకర్త తోసుకుంటూ వచ్చింది. ఆమె గొంతు నాకింకా వినిపిస్తోంది. "పడుకోబెట్టకండమ్మా! కూకోబెట్టి ముందుకి వంచండి. మోచేతులు మోకాళ్ల మీద పెట్టించండి. గాలి రానివ్వండి, జరగండి!" ఆమె మాటకి అంత జనమూ నిజంగానే జరిగారు.

ఎదురుగా సగం షట్టరు దించేసిన మందుల షాపు ఉంది. అక్కడి కుర్రాడికి ఎవరు కేకేశారో తెలీదు గానీ, స్పేసర్ పట్టుకుని జనం మీద నుంచి చెయ్యి చాపాడు. ఆయాసంలో ఉన్న మనిషి ఇన్‌హేలర్ నోట్లో నేరుగా కొట్టుకుంటే మందు చాలావరకు నోటిలోనూ గొంతులోనూ ఆగిపోతుంది. ఆ గొట్టం మధ్యలో ఉంటే నెమ్మదిగా పీల్చుకోవచ్చు, ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. ఆశా కార్యకర్తే పట్టుకుని, లెక్కపెడుతూ పీల్పించింది. పెదాల రంగు కాస్త తేరుకుంది. "ఇది చాలదు, ఆక్సిజన్ పెట్టాలి, బేగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అంది. ఆ రోజు ఆ రోడ్డు మీదకి ఏ బండీ రాదు. రావడానికి చోటు లేదు.

అప్పుడు దారి ఇచ్చింది ఒక ఇల్లు. నిజంగా ఇల్లే దారయ్యింది.

మేమున్న చోటికి పది అడుగుల్లో పాతకాలపు పెంకుటిల్లు ఒకటి. వీధరుగు నిండా సిరిమాను చూడ్డానికి వచ్చిన చుట్టాలు. ఆ ఇంటి పెద్ద కోడలు అరుగు మీంచి మమ్మల్ని చూసి, "ఇలా తీసుకొచ్చేయండి, మా పెరడు వెనక సందులో పడుతుంది" అని కేకేసింది. ఊరి కుర్రాళ్లు చేతులు చేతులు పట్టుకుని గోడ కట్టారు. అరుగెక్కి, నడవ దాటి, వంటింట్లోంచి నడిచాం. చెప్పులతో నడిచాం, ఎవరూ ఏమీ అనలేదు. వంటింట్లో కింద పరిచిన అరిటాకు మీద పులిహోర ఆరబోసి ఉంది. ఒకావిడ రెండు చేతులతో ఆ ఆకంతా ఎత్తి పక్కకి జరిగింది. ఇంకొకావిడ మా స్నేహితురాలి చున్నీ పొయ్యి మీద పడకుండా పట్టుకుంది. పెరటి తలుపు గడియ బిగుసుకుపోతే లోపల్నించి ఓ ముసలాయన వచ్చి చేతికర్రతో కొట్టి తీశాడు.

సందులో ఓ ఆటో. ఆటో అతను భార్యాపిల్లలతో కొత్తబట్టల్లో అప్పుడే దిగుతున్నాడు. వాళ్ల చిన్న గుంట (అక్కడ ఆడపిల్లని అలాగే అంటారు) చేతిలో అమ్మవారికని అరటిపళ్ల సంచి ఉంది. మమ్మల్ని చూడగానే ఆ పాపని దించి, "మీరీ ఇంటి కాడ ఉండండర్రా, నానొచ్చేస్తాను" అని వాళ్లకి చెప్పి, మావైపు తిరిగి "ఎక్కండమ్మా బేగి" అన్నాడు. నాకు తెలీని సందులు, గోడకీ ఆటోకీ మధ్య బెత్తెడు ఖాళీ లేని సందులు. ఎక్కడా ఆగలేదు.

ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టారు, ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్ ఇచ్చారు. పండగ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరుగారికీ, నర్సమ్మలకీ మా నమస్కారాలు. గంటన్నరకి మా స్నేహితురాలు మంచినీళ్లు అడిగింది.

ఆటో అతను వెళ్లిపోయి ఉంటాడనుకున్నాను. బయటికొచ్చి చూస్తే ఆవరణలోనే ఉన్నాడు. దూరంగా డప్పులు, జనం హోరు వినిపిస్తుంటే కోట వైపు తిరిగి దండం పెట్టుకుంటున్నాడు. సిరిమాను గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజు ఆ మూడు తిరుగుళ్లూ అతను చూడలేదు. ఏడాదంతా ఎదురుచూసిన పండగ, పిల్లల్ని చేయిపట్టుకుని చూపించాల్సిన పండగ. డబ్బులివ్వబోతే, "అమ్మోరి పండగ నాడు డబ్బులేటి తల్లీ, ఆ గుంట బాగుంటే చాలు" అన్నాడు. పెట్రోలుకైనా తీసుకోమంటే కూడా ఒప్పుకోలేదు. మేం రుణపడ్డ వాళ్లందరిలోకీ ఈయనకి ఎక్కువ రుణపడ్డామని నా లెక్క. మిగతావాళ్లు కోప్పడరనే అనుకుంటున్నాను.

సాయంత్రం లాడ్జికి వెళ్తే ఇంకో కష్టం. ముందుగానే రెండు రాత్రులకీ డబ్బు కట్టినా, మా గది వేరేవాళ్లకి ఇచ్చేసి సామాను కౌంటరు పక్కన పెట్టారు. రద్దీ అన్నారు. వాళ్లతో వాదించే ఓపిక లేదు. స్పేసర్ తిరిగిచ్చేద్దామని ఆ పెంకుటింటి వైపు వెళ్తే, సంగతి విని ఆ ఇంటి కోడలు మా చేతిలోంచి సంచి లాక్కుంది. "ఇంతమంది చుట్టాల్లో మీరు నలుగురు బరువా?" అంది. నడవలో పరుపులు వేశారు. మా స్నేహితురాలికి కిటికీ దగ్గర, అగరొత్తులు వెలిగించని గదిలో మంచం వేశారు. ఊరి బయట పార్కింగులో ఉన్న మా కారుని వాళ్లబ్బాయి అర్ధరాత్రి వెళ్లి నడుపుకొచ్చాడు.

సిరిమాను చూడలేదని మేం బాధపడుతుంటే ఆ పెద్దాయన, గడియ తీసిన అదే చేతికర్రని పీట మీద అడ్డంగా పెట్టి చూపించారు. ఏటవాలుగా లేచే ఆ చింతమాను చివర పూజారిగారు ఎక్కడ కూర్చుంటారో, రెండో కొసన తాళ్లు ఎలా లాగుతారో, చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారి కలలో ఎలా చెబుతుందో. ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కోసం నాలుగు మంచినీళ్ల గ్లాసులు వరసగా పెట్టారు. 1757 బొబ్బిలి యుద్ధం నాటి సంగతి, విజయనగరం రాజైన తన అన్న విజయరామరాజు కోసం తల్లడిల్లిన పైడిమాంబ పెద్దచెరువు దగ్గర ప్రాణం విడిచి అమ్మవారై వెలిసిందన్న కథ, ఇంటి ఆడపడుచు గురించి చెబుతున్నట్టే చెప్పారు. ఒకచోట గొంతు పట్టేసింది. ఆ రాత్రి నేను విన్నట్టు ఆ ఉత్సవాన్ని రోడ్డు మీద నిలబడి చూసినా నాకు అర్థమయ్యేది కాదు.

పొద్దున్నే చోడి (రాగి) అంబలి, మజ్జిగ, నంజుకోవడానికి ఉల్లిపాయ. మా స్నేహితురాలు రెండు గ్లాసులు తాగింది. బయల్దేరేముందు పెద్దాయనే సంగీత కళాశాలకీ, గురజాడవారి ఇంటికీ వెంటబెట్టుకెళ్లారు. కళాశాల మెట్ల మీద ఆమె కాసేపు కూర్చుంది. పూరీ ప్రయాణం మానుకుని ఇంటికి తిరిగొచ్చేశాం.

ఆ ఇంటివాళ్లు పేర్లు రాయొద్దన్నారు, రాయట్లేదు. మందుల షాపు తమ్ముడూ, నీ స్పేసర్ ఆ ఇంట్లోనే ఇచ్చాం, కొత్తది ఒకటి కూడా కలిపి ఇచ్చాం. మళ్లీ ఎవరికైనా అవసరం పడొచ్చు. ఆశా అక్కా, ఆ రోజు మీరు తిరిగి జనంలోకి వెళ్లిపోయారు, మీ ముఖం కూడా సరిగా చూడలేదు.

ఒక్క సాయం ఇంకా కావాలి. అరటిపళ్ల అమ్మ ఎవరో మాకు తెలియలేదు. మర్నాడు వెతికితే ఎవరూ చెప్పలేకపోయారు. మాకు దారిచ్చే తోపులాటలో ఆవిడ గంప బోర్లాపడింది, పళ్లన్నీ జనం కాళ్ల కింద నలిగిపోయాయి. కోటకి వెళ్లే దారిలో, మందుల షాపు ఎదురుగా, ఆకుపచ్చ చీర, ముక్కుకి రెండువైపులా పుడకలు. ఎవరికైనా తెలిస్తే ఆవిడకి చెప్పండి, ఆ గంపెడు పళ్ల ఖరీదు, దాంతోపాటు ఒక చీర ఆ పెంకుటింటి పెద్ద కోడలుగారి దగ్గర ఉంచాం. ఆవిడ వచ్చి తీసుకునేదాకా అక్కడే ఉంటాయి.