రెండేళ్లు దాటితే ఆవిష్కరణ కాదా?

సంపాదకులు గారికి,

స్టార్టప్‌లకు సర్కారే పెట్టుబడి పెడుతోందని పోయిన వారం మీ పత్రికలో గొప్పగా రాశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. ఫొటో మాత్రం బాగుంది. అద్దాల భవనం, రిబ్బన్, చప్పట్లు.

మా మేనల్లుడు ములుగు రోడ్డులో చిన్న షెడ్డు వేసుకుని మిర్చికి తొడిమలు తీసే మిషన్ చేశాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి ఎంతో, తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు ఎట్లా మండుతాయో మీకు చెప్పక్కర్లేదు. కాయ చితక్కుండా ఆ మిషన్ దారికి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ మా చెల్లెలి బంగారం తాకట్టులోనే ఉంది.

స్టార్టప్‌లకు మొదట్లో డబ్బిచ్చే కేంద్రం సీడ్ ఫండ్ ఉంది కదా, పోరా అని పంపింది నేనే. 2021లో 945 కోట్లతో మొదలుపెట్టారు, నమూనా దశకు 20 లక్షల దాకా గ్రాంటు. తీరా చూస్తే సొంత పేరు మీద నడిచే షెడ్డు స్టార్టప్ కాదట, కంపెనీ పెట్టాలి. పెట్టాడు. మిషన్ ఒక కొలిక్కి వచ్చి దరఖాస్తు పట్టుకుపోయేసరికి ఆ కంపెనీకి రెండేళ్ల మూడు నెలలు. రెండేళ్లు దాటితే అర్హత లేదన్నారు. బ్యాంకుకు పోతే మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు తెమ్మన్నారు. ఒకచోట వయసు ఎక్కువ, ఇంకోచోట వయసు తక్కువ. పెళ్లిచూపులు నయం.

2016లో కేంద్రం స్టార్టప్‌ల కోసం ప్రకటించిన 10 వేల కోట్ల నిధి ఉంది కదా అంటారేమో. అది చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ ద్వారా ప్రైవేటు ఫండ్లకు పోతుంది, ఏ కంపెనీలో పెట్టాలో వాళ్లు చూసుకుంటారు. సర్కారు నేరుగా ఎంపిక చేయకపోవడం మంచిదే, లేకపోతే ఎమ్మెల్యే సిఫారసు లేఖలు ముందు నడుస్తాయి. ఇజ్రాయెల్ సర్కారు కూడా 1993లో యోజ్మా అనే నిధితో ప్రైవేటు ఫండ్లను తోడు పెట్టుకునే దిగింది. కానీ ముంబై, బెంగళూరులో కూర్చున్న ఫండ్ మేనేజర్ కాజీపేటలో రైలు దిగి మా షెడ్డుకు వస్తాడా? యాప్ అయితే ఫోన్‌లో చూస్తాడు. మిర్చి మిషన్ చూడాలంటే పక్కన నిలబడి తుమ్మాలి.

ప్రైవేటువాళ్లు లాభం కనపడనిదే రారు, వాళ్ల తప్పు కాదు. వాళ్లు రాని చోటికి రావడానికే కదా సర్కారు డబ్బు! ఆలేరు చింతకింది మల్లేశం గారు అమ్మ చేతుల నొప్పి చూడలేక, చీర నేతకు దారం చుట్టే ఆసు మిషన్ మీద కుస్తీ పడ్డ రోజుల్లో ఈ పథకాలేవీ లేవు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. శాలువా ఎప్పుడూ చివర్లోనే వస్తుంది.

1959లోనే ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ (ఇప్పటి ఎన్‌ఐటీ) వచ్చిన ఊరు మాది. దరఖాస్తు వస్తే మిషన్ చూసి రమ్మని ఒక్క ఇంజనీరును పంపలేరా? కాదంటే ఎందుకు కాదో నెలలోగా కాగితం మీద రాసివ్వలేరా? జిల్లాను ముక్కలు చేసి పేర్లు మార్చినప్పటి నుంచి ఏ ఫైలు హనుమకొండదో, ఏది వరంగల్‌దో ఆఫీసుల్లోనే తెలియడం లేదు. ఫోన్ చేస్తే సార్ ఎప్పుడూ మీటింగ్‌లోనే ఉంటారు.

మొన్న ఒక కన్సల్టెంట్ మా వాడికి ఉపాయం చెప్పాడు. అదే మిషన్‌కు వేరే పేరుతో కొత్త కంపెనీ పెట్టి మళ్లీ దరఖాస్తు చేయాలట. ఆయన ఫీజు 25 వేలు, ముందే ఇవ్వాలి.

– విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు, హనుమకొండ