కోలిన్ ప్యాకెట్ విడిగా ఎందుకు ఇస్తున్నామంటే

మా దగ్గర లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) మేతకు ప్రీమిక్స్, అంటే మేతలో కలిపే విటమిన్ల మిశ్రమం, కొనే రైతులందరికీ నమస్కారం. ఈ నెల నుంచి విటమిన్లు ఒక ప్యాకెట్‌లో, కోలిన్ అనే పోషకం ఇంకో ప్యాకెట్‌లో వస్తాయి. "ఇన్నాళ్లూ ఒకటే కదా, ఇప్పుడు రెండెందుకు?" అని చాలామంది ఫోన్ చేశారు. తప్పు మాది, అందుకే మేమే చెప్పాలి.

మీకు పని తగ్గుతుందని రెండూ ఒకే సంచిలో కలిపి ఇచ్చాం. మేతలో వేసే కోలిన్ రూపమైన కోలిన్ క్లోరైడ్‌కు ఉప్పులాగా గాలిలో తేమ లాక్కునే గుణం ఉంది. వానాకాలంలో సంచులు గడ్డకట్టాయి. గడ్డలైతే చితక్కొట్టుకోవచ్చు. కానీ కోలిన్ పక్కన నిల్వ ఉన్న విటమిన్లు మెల్లగా బలం కోల్పోతాయి, అది కంటికి కనిపించదు. నెలల తరబడి ఉన్న సంచి కొన్నవారికి మేం సరైన సరుకు ఇవ్వలేదు. క్షమించండి.

ఇంకో మాట. "కోలిన్ వేస్తే లివర్ కొవ్వు పోతుంది" అని పోయినేడు పాంప్లెట్ వేశాం. అది సగమే నిజం. కోడి ఒంట్లో కొవ్వు ఎక్కువగా తయారయ్యేది లివర్‌లోనే. అక్కణ్ణుంచి రక్తంలో పడి పచ్చసొనకు చేరాలి. నూనె నీళ్లలో కలవదు కాబట్టి దానికి లెసిథిన్ (కొవ్వును నీళ్లలో కలిసేలా చేసే పదార్థం) పొర కావాలి, ఆ లెసిథిన్‌కు కోలిన్ కావాలి. కోలిన్ చాలకపోతే కొవ్వు కదలక లివర్‌లోనే పేరుకుంటుంది. 1930లలో టొరంటోలో చార్లెస్ బెస్ట్ బృందం ఎలుకల్లో ఇదే గమనించింది.

అయితే మేతలో ఎనర్జీ ఎక్కువై, కేజ్‌లో కదలని కోడికి కొవ్వే మితిమీరి పుడుతుంటే కోలిన్ ఒక్కటే ఆపలేదు. బాగా గుడ్లు పెడుతున్న బరువైన కోడి ఉన్నట్టుండి చనిపోతే, తురాయి పాలిపోయి ఉంటే, కోసి చూసినప్పుడు లివర్ పసుపుగా, ముట్టుకుంటే చితికేలా ఉండి పొట్టలో రక్తం గడ్డలుంటే, ముందు డాక్టరుకు చూపించి మేత ఫార్ములా సరిచూడండి. ఇంకో ప్యాకెట్ కోసం మా దగ్గరికి పరిగెత్తొద్దు.

తెల్లగుడ్ల లేయర్ రోజుకు 100 గ్రాములు తింటే కిలో మేతలో 1,050 మిల్లీగ్రాముల కోలిన్ ఉండాలని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ (ఎన్‌ఆర్‌సీ) 1994 పట్టిక చెబుతుంది. ఇందులో చాలా వరకు సోయా చెక్క నుంచే వస్తుంది. ధర పెరిగి సోయా తగ్గించే నెలల్లోనే జాగ్రత్త. మీ ఫార్ములా తెస్తే లెక్కవేస్తాం, అవసరం లేకపోతే లేదనే చెబుతాం.

కోలిన్‌ను మేత కలిపే రోజే వేయండి, మిగిలిన ప్యాకెట్ మూతి గట్టిగా కట్టండి. పాత సంచులు మీ దగ్గరుంటే, సగం వాడినా సరే, తీసుకురండి. మార్చి ఇస్తాం.