మధ్యలో చేరినవాళ్లనూ పట్టించుకోండి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు కాలేజీల్లో ఫ్రెషర్స్ డే పెడతారు, ల్యాబులు, లైబ్రరీ తిప్పి చూపిస్తారు. రెండో ఏడాదిలో వేరే కాలేజీ నుంచి వచ్చినవాళ్లను మాత్రం పిలిచి మాట్లాడేవారు ఉండరు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ చదువుతుండగా నాన్నకు ఆరోగ్యం దెబ్బతింది. హాస్టల్ ఫీజు భారమై పోయినేడాది నల్లగొండకు మారాను.

మారడమంటే టీసీ తెచ్చి ఇవ్వడమే అనుకుంటారు చాలామంది. రెండు కాలేజీల నుంచీ నో అబ్జెక్షన్ కావాలి, యూనివర్సిటీ అనుమతి కావాలి, స్కాలర్‌షిప్ కొత్త కాలేజీకి మార్పించుకోవాలి. ఆ కాగితాల పని తెమిలేసరికి సిలబస్ చాలా అయిపోయింది, ల్యాబ్ బ్యాచులు కట్టేశారు. క్లాసు వాట్సాప్ గ్రూపులో నా నంబరు లేదు కాబట్టి ఇంటర్నల్ పరీక్ష సంగతి ముందురోజు సాయంత్రం తెలిసింది. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని టిఫిన్ బాక్సు తెరవాలో తెలిసేది కాదు. ఇంట్లో చెబితే నాన్న తనవల్లే అనుకుంటాడని చెప్పలేదు.

కెమిస్ట్రీ మేడం ఒకరోజు "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు. నాంపల్లి మండలం అనగానే, "మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకురా" అన్నారు. పరీక్షకు వాడే ఎర్రటి ద్రావణంలో ఆ నీళ్లు కలిపితే, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత వెలిసిపోతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కులేనిచోట 1.5 వరకు. మా బోరు నీళ్లు పోయగానే ఎరుపు పలచబడిపోయింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. మా నాయనమ్మ మెడ తిప్పలేకపోతోంది, కింద కూర్చుంటే ఒకరు పట్టి లేపాలి. ఆమె వయసులో ఉన్నన్నాళ్లూ తాగింది ఈ నీళ్లే. ఇప్పుడు మాకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటుందని, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన ఆ పద్ధతికి మా నల్లగొండ పేరే పెట్టారని ఆరోజే విన్నాను.

తర్వాత మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలు కూడా తమ ఊళ్ల నీళ్లు తెచ్చారు. సీసాల మీద ఊరిపేర్లు రాసి అతికించే పని నాకిచ్చారు. నాకు స్నేహాలు అక్కడే కుదిరాయి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అమీర్‌పేటలో ఏ కోర్సు చేయాలన్నదే మా అందరి టెన్షన్. ఇప్పుడు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌కు చదువుతున్నాను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి నీటి పరీక్షల ల్యాబులో పనిచేయాలని ఉంది. అది కుదరకపోయినా చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ పనులుంటాయి.

నన్నయితే మేడం అడిగారు. నాలాగే మారి వచ్చిన దేవరకొండ అమ్మాయిని ఎవరూ అడగలేదు. రెండు నెలలకే ఆమె కాలేజీ మానేసింది, బాగా చదివే పిల్ల.

మధ్యలో చేరినవాళ్లకు ప్రతి కాలేజీలో ఒక లెక్చరర్‌ను బాధ్యులుగా పెట్టాలి. చేరిన రోజే ల్యాబ్ బ్యాచ్ కేటాయించి గ్రూపులో చేర్చాలి. ప్రభుత్వ కాలేజీల్లోని స్కిల్స్ అండ్ నాలెడ్జ్ సెంటర్ శిక్షణల్లో వాళ్ల పేర్లూ రాయాలి. వీటికి పైసా ఖర్చు లేదు. వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల అధికారులు కాలేజీలకు ఈ మేరకు సర్క్యులర్ పంపాలని కోరుతున్నాను.

– బీఎస్సీ విద్యార్థిని, నాంపల్లి మండలం, నల్లగొండ జిల్లా