ఆరు బ్లేడ్లూ ఒకే వాటం

చిన్నీ,

ఫోన్లో చెబితే నువ్వు నవ్వుతావు. నువ్వు నవ్వితే నేను ఉక్రోషంతో అసలు సంగతి మింగేసి పెట్టేస్తాను. అందుకే ఉత్తరం. కవరులో దూదిలో చుట్టిన చిన్న వస్తువు ఒకటి ఉంది, చింపేటప్పుడు జాగ్రత్త. అదేమిటో తర్వాత చెబుతాను, ముందు నా గోడు విను.

ఎర్ర విమానం పెట్టె గుర్తుందా? మక్కి ఎం.సి.72 అని, ఇటలీ వాళ్ల పాత పందెం విమానం, దాని నమూనా కట్టుకునే కిట్. నువ్వు చదువుకి వెళ్లిన ఏడాది తెచ్చుకున్నాను. మీ అమ్మ లెక్కలో అది ఆరేళ్లు మంచం కింద ఉంది. నా లెక్కలో అది ఆరేళ్లు "సిద్ధమవుతోంది". పోయిన నెల బయటికి తీశాను. "ఎవరి పుట్టినరోజు?" అంది మీ అమ్మ.

నువ్వు ఒకసారి అడిగావు, ఇదే విమానం ప్లాస్టిక్‌లో దొరకదా, ఈ రెజిన్ తలనొప్పి ఎందుకు అని. అప్పుడు సరిగా చెప్పలేదు. ప్లాస్టిక్ కిట్‌కి ఉక్కు అచ్చు కావాలి. దాన్ని చెక్కించడానికి పెట్టే డబ్బు తిరిగి రావాలంటే వేలకు వేల పెట్టెలు అమ్ముడవ్వాలి. స్పిట్‌ఫైర్ లాంటి పేరున్న యుద్ధ విమానమైతే కొంటారు. మొత్తం ఐదే తయారైన పందెం విమానాన్ని ఎవరు కొంటారు, నాలాంటి నలుగురు తప్ప? ఆ నలుగురి కోసం పనిచేసేది రెజిన్ వాళ్లు. ఒక మనిషి మాస్టర్ నమూనా చేస్తాడు, దానిమీద సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీస్తాడు, రెండు ద్రవాలు కలిపి అందులో పోస్తాడు. కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ రబ్బరు అచ్చు కొన్ని పదుల పోతలకే చిరుగుతుంది, మళ్లీ ఇంకోటి చేసుకోవాలి. కానీ రబ్బరుకి ఒక సుఖం ఉంది. అది వంగుతుంది. ఉక్కు అచ్చు తిన్నగా విడిపోవాలి కాబట్టి లోపలికి మడత పడిన వంపులు అందులో రావు. రబ్బరైతే వంచి, లాగి, ముక్కని బయటికి తీసేయొచ్చు. అందుకే పైలట్ సీటు మీద పట్టీ మడత కూడా ఒకే ముక్కలో వచ్చేస్తుంది.

సైజు సంగతి. 1/32, అంటే అసలు విమానంలో ముప్ఫై రెండో వంతు, దాన్ని మేము పెద్ద సైజు అంటాం. నా ఎర్ర విమానం రెక్కలు అసలుది 9.48 మీటర్లు, బల్ల మీద 29.6 సెంటీమీటర్లు. ఇంతేనా అంటావు. పందెం విమానం కాబట్టి పిట్టంత. అదే కొలతలో బి-17 బాంబర్ కడితే ఈ చివర నుంచి ఆ చివరకి 99 సెంటీమీటర్లు. ఎస్‌ఆర్-71 గూఢచారి విమానమైతే ముక్కు నుంచి తోక దాకా మీటరు దాటుతుంది. 1/72తో పోలిస్తే పొడవు రెండుంపావు రెట్లే, ఘనపరిమాణం మాత్రం పదకొండు రెట్ల పైమాట. రెజిన్ బరువు, ఖర్చు, ఇంట్లో గొడవ కూడా ఇంచుమించు అదే లెక్కన పెరుగుతాయి. పెద్ద సైజు కట్టే స్నేహితుడొకడు వాళ్లావిడకి కొత్త అల్మరా కొనిచ్చాడు. లోపల ఆవిడ చీరలు, పైన ఆయన బాంబర్. ఆయన మొదట కొలిచింది అల్మరా పైభాగమేనని ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

మా వాళ్లకి ఇంకో శాపం కూడా ఉంది. ఎన్నో ఏళ్లు ఎదురుచూసి, ఇక ప్లాస్టిక్‌లో రాదని గుండె రాయి చేసుకుని, ఖరీదైన రెజిన్ కిట్ తెచ్చుకుని, సగం కట్టాక అదే విమానాన్ని ఓ పెద్ద కంపెనీ ప్లాస్టిక్‌లో ప్రకటిస్తుంది. ఎవరైనా రెజిన్ పెట్టె విప్పారంటే మేమంతా సంతోషిస్తాం, ఇంకేం, ప్లాస్టిక్‌ది వచ్చేస్తుందని.

సరే, పెట్టె విప్పాను. ముందు ముక్కలన్నీ సబ్బు నీళ్లలో కడిగాను. అచ్చు అంటుకోకుండా పూసే జిడ్డు ముక్కల మీద మిగిలిపోతుంది, కడక్కపోతే రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. ఇది నీళ్ల మీద దిగే విమానం, చక్రాల బదులు కింద పడవల్లాంటి రెండు ఫ్లోట్లు ఉంటాయి. వాటిలో ఒకటి అరటికాయలా వంగి ఉంది. వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక తిన్నగా పట్టుకుని, చన్నీళ్లలో పెట్టాను. లొంగింది. ఇక రెజిన్ పోసిన చోట ప్రతి ముక్కకీ ఓ దిమ్మ మిగిలి ఉంటుంది, దాన్ని సన్న పళ్ల రంపంతో కోయాలి. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, అందుకే మాస్కు పెట్టుకుని, తడిపి తడిపి అరగదీస్తాను. అమ్మతో ఈ మాట చెప్పు, నేను చెబితే నమ్మదు. అంటించడానికి మామూలు ప్లాస్టిక్ జిగురు పనికిరాదు. అది ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది, రెజిన్ దానికి కరగదు. సూపర్ గ్లూ, లేదంటే ఎపాక్సీ. సూపర్ గ్లూ అయితే తప్పు చేశాక దిద్దుకోవడానికి మూడు సెకన్లు ఉంటాయి, అందులో రెండు కళ్లజోడు సర్దుకోవడానికి పోతాయి.

రెక్కల దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. ఈ విమానానికి రేడియేటరు గాలిలోకి పొడుచుకొచ్చి ఉండదు. రెక్కల చర్మమే రేడియేటరు. ఫ్లోట్ల మీద కూడా అదే. వేడినీరు ఆ పలుచని లోహపు పలకల్లో పారుతుంది, గాలి పైనుంచి చల్లారుస్తుంది. ఎర్ర ఒళ్లు, రాగి ఇత్తడి కలిసిన రంగు రెక్కలు. కిట్‌లో ఆ పలకల గీతలు దువ్వెన పళ్లలా ఎంత సన్నగా వచ్చాయో, చేత్తో తడిమితే తెలుస్తాయి. చిక్కేమిటంటే, రెక్క అతుకు దగ్గర పుట్టీ పెట్టి అరగదీస్తే ఆ గీతలు పోతాయి. అరగదీయకపోతే అతుకు కనిపిస్తుంది. చివరికి పుట్టీ మానేసి, అతుకులోకి సూపర్ గ్లూ చీమ తలంత చుక్కలుగా వదిలి, పోయిన రెండు గీతల్ని సాగదీసిన ప్లాస్టిక్ దారంతో మళ్లీ వేశాను. నువ్వు చూసినా ఎక్కడో కనిపెట్టలేవు. చూపించకుండా ఉండలేను, అది వేరే సంగతి.

ఫ్లోట్ల కాళ్లు రెజిన్‌వి. ఆ బరువుకి ఏడాది తిరిగేసరికి నడుం వంగుతాయి. వాటిని పక్కన పెట్టి ఇత్తడి కడ్డీతో కొత్తవి చేశాను. ఇంతవరకు బ్రహ్మాండం.

ఇప్పుడు ప్రొపెల్లర్ల కథ. ఈ విమానానికి ముక్కు మీద ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు. లోపల రెండు పన్నెండు సిలిండర్ల ఇంజిన్లని వరసగా బిగించి ఒకటి చేశారు, ఇరవై నాలుగు సిలిండర్లు. ఒక్కో సగం ఒక్కో ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది, అదీ ఒకదానికొకటి ఎదురుగా. ఎందుకంటే అంత బలమైన ఇంజిన్ ఒకే ప్రొపెల్లర్‌ని ఒకే వైపు తిప్పితే విమానం రెండో వైపుకి ఒరగాలని చూస్తుంది. నీళ్ల మీద ఉన్నప్పుడు ఒక ఫ్లోటు మునుగుతుంది. రెండూ ఎదురు తిరిగితే ఆ తోపు ఒకదాన్నొకటి చంపుకుంటుంది.

ఒక్కో ప్రొపెల్లర్‌కి రెండు బ్లేడ్లు, మొత్తం నాలుగు. పెట్టెలో నాలుగూ ఉన్నాయి. ఒకదాని కొసలో గాలి బుడగ. ఆవగింజంత గొయ్యి. పుట్టీ పెడితే సరిపోయేది. కానీ మొన్నటి రెక్క విజయం తలకెక్కి ఉంది కదా, మంచి బ్లేడుని నమూనాగా పెట్టి నేనే కొత్తది పోత పోద్దామనుకున్నాను.

బ్లేడుని సగం దాకా బంకమట్టిలో పాతి, పైన సిలికోన్ పోశాను. గట్టిపడ్డాక తిరగేసి, మట్టి తీసి, జిడ్డు పూసి, రెండో సగం పోశాను. రెజిన్ లోపలికి వెళ్లడానికి ఒక దారి, గాలి బయటికి పోవడానికి ఇంకో దారి కోశాను. మొదటి పోత నురుగు నురుగుగా పొంగి స్పాంజిలా వచ్చింది. వాన రోజు, చెమ్మ. ఈ రెజిన్‌లో ఒక పాలుకి తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పిండి పులిసినట్టు పులుస్తుంది. ఎండ వచ్చాక, కొత్త సీసా విప్పి మళ్లీ పోశాను. రెండో పోత, మూడో పోత అద్దంలా వచ్చాయి. చేతిలో కప్పు వేడెక్కుతుంటే నాకు కలిగిన గర్వం నువ్వు పుట్టినప్పుడు కూడా కలగలేదంటే మీ అమ్మ కొడుతుంది, అందుకని అనను.

ఆ రాత్రే ఆరు బ్లేడ్లూ వరసగా పెట్టి, పాత ఫొటోలు ముందేసుకుని చూస్తూ కూర్చున్నాను. ఏదో తేడా కొట్టింది. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు తిరుగుతాయంటే బ్లేడ్ల మెలిక కూడా ఎదురెదురుగా ఉండాలి కదా. ముందువి ఒక వాటమైతే వెనకవి రెండో వాటం. కుడి చెప్పు, ఎడమ చెప్పు లాగా. నా ముందు ఉన్నవన్నీ ఒకే కాలివి. కిట్ చేసినాయన ఒకే మాస్టర్ చెక్కి నాలుగూ దాన్నుంచే పోశాడు. ఆయన తప్పుని నేను శ్రద్ధగా, తడి ఎండ చూసుకుని మరీ రెండింతలు చేద్దామని బయల్దేరాను.

ఇంకో అచ్చు తీద్దామా అనుకుని, అప్పుడు తట్టింది. ఎన్ని అచ్చులు తీసినా అదే వాటం వస్తుంది. అచ్చుకి అచ్చు తీసినా అంతే, పైగా ఒక్కో తరానికి కాస్త కుంచించుకుపోతుంది కూడా. బ్లేడు పట్టుకుని స్నానాల గది అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలో ఉన్నది సరైన బ్లేడు. చేతిలో ఉన్నది కాదు. రాత్రి పదకొండింటికి నేనలా ప్రొపెల్లర్ బ్లేడుని అద్దానికి చూపిస్తుంటే మీ అమ్మ తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్లి పడుకుంది.

ఇత్తడి రేకు మెలితిప్పి చేద్దామని రెండు రోజులు చూశాను. ఒకటి బాగా వచ్చింది, రెండోది దానికి కవలగా రాలేదు. పక్కపక్కన పెడితే దూరపు చుట్టాల్లా ఉన్నాయి.

నీ త్రీడీ ప్రింటర్ గురించి నేనన్న మాట నాకు గుర్తుంది. మొదటిసారి కాక్‌పిట్ ముక్క చేసి ఎంతో సంబరంగా పట్టుకొచ్చావు. బటన్ నొక్కితే వచ్చేదాన్ని చేయడం అనరు, రప్పించుకోవడం అంటారు అన్నాను. నువ్వు ముక్క జేబులో పెట్టుకుని వేరే మాట ఎత్తావు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చూపించలేదు. నిజానికి ఆ ముక్క బాగుంది. మీటర్ల చుట్టూ ఉన్న మరలు కూడా వచ్చాయి. నాకు కంప్యూటర్లో ఆ గీతలు గీయడం రాదు, నేర్చుకునే ఓపిక ఉందో లేదో తెలియదు, అది ఒప్పుకోవడం ఇష్టం లేక అన్నాను. ఇప్పుడు కిట్లు చేసేవాళ్లలో చాలామంది మాస్టర్‌ని కంప్యూటర్లో గీసి, ప్రింట్ తీసి, దాని మీదే రబ్బరు పోస్తున్నారు. ఈ సంగతి అప్పటికే నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఈ విమానం కథ నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 1931 ష్నైడర్ ట్రోఫీ కోసం, అంటే సీప్లేన్ల (నీళ్ల మీద దిగే విమానాల) వేగం పందెం కోసం చేశారు దీన్ని. ఇంజిన్ నేలమీద చక్కగా తిరిగేది, గాలిలో వేగం పుంజుకున్నాక బ్యాక్‌ఫైర్ అయ్యేది, అంటే ఎదురు పేలేది. పరీక్షల్లోనే ఇద్దరు పైలట్లు పోయారు. పందెం రోజుకి అందలేదు. పోటీయే లేకుండా బ్రిటన్ వాళ్ల సూపర్‌మెరైన్ ఎస్.6బి ఎగిరింది, వరసగా మూడోసారి గెలిచినందుకు ట్రోఫీ శాశ్వతంగా వాళ్లదైపోయింది. ఇక పందెమే లేదు. అయినా ఇటలీ వాళ్లు ఇంజిన్‌తో కుస్తీ పడుతూనే ఉన్నారు. 1934 అక్టోబరు 23న గార్డా సరస్సు మీద ఫ్రాంచెస్కో అజెల్లో దీన్ని గంటకి 709 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. పిస్టన్ ఇంజిన్ సీప్లేన్లలో ఆ రికార్డు ఇవాళ్టికీ ఎవరూ దాటలేదు. పందెం ముగిసిన మూడేళ్లకి. ఆరేళ్లు మంచం కింద ఉందని మీ అమ్మ అంటే నేను ఎందుకు నొచ్చుకోనో ఇప్పుడైనా అర్థమైందా?

దూదిలో ఉన్నది ఆ బ్లేడే. బుడగ లేనిది, కిట్‌తో వచ్చిన మంచిది. దాన్ని కొలుచుకుని, కంప్యూటర్లో అద్దంలో చూపించినట్టు తిప్పి, నాకు ప్రింట్ తీసి పంపు. కొస నుంచి మొదలు దాకా 36 మిల్లీమీటర్లు, మొదట్లో గుండ్రటి కాడ అడ్డం 2 మిల్లీమీటర్లు. కాడ కొలత మారకూడదు, బ్లేడ్లు గుచ్చే బొడిపెలో బెజ్జం అప్పుడే వేసేశాను. పొరల గీతలు బ్లేడు పొడవునా కాకుండా అడ్డంగా పడితే నాకు అరగదీయడం సులువు, కానీ నిలబెట్టి తీస్తే విరుగుతుందేమో. అది నీకే బాగా తెలుస్తుంది, నీ ఇష్టం. చేతికి గ్లోవ్స్ వేసుకో, గట్టిపడని రెజిన్ ఒంటికి తగలనీయకు. వీలైతే ఇక్కడికి వచ్చినప్పుడు ఆ గీతలు ఎలా గీస్తారో నా పక్కన కూర్చుని ఒకసారి చూపించు, నేను మధ్యలో మాట్లాడను.

కావలసినవి రెండు. నాలుగు తియ్యి. ఒకటి ఎలాగూ నేల మీద పడేసి కుర్చీ చక్రం కింద వెతుక్కుంటాను.

నాన్న

తా.క. మిగిలిన ఐదు బ్లేడ్లలో రెండు ముందు ప్రొపెల్లర్‌కి సరిపోయాయి. అవి నేను పోసినవే.